గీతకు తడి తెలీదు

సెప్టెంబరులో ఇద్దరొచ్చారు, స్టుట్‌గార్ట్ నుంచి.
కొత్త బూట్లు, మెడలో బైనాక్యులర్,
చేతిలో వెలుగుతున్న అద్దప్పలక.
"ఆమ్రుమ్ దీవి నుంచి ఫోర్ దీవికి రెండు గంటల నడకే" అన్నారు,
నన్ను కాదు, దాన్నే చూస్తూ.
నేను గట్టుమీద తాడు చుట్టుకుంటున్నాను.
గైడ్ కావాలా అని వాళ్ళడగలేదు, నేనూ అడగలేదు.
మా రేవులో అడగనివాళ్ళకి చెప్పడం మర్యాద కాదు.

మా సముద్రం రోజుకి రెండుసార్లు ఇల్లు ఖాళీ చేస్తుంది.
గిన్నెలూ చెంచాలూ నేలమీదే వదిలేసి పోతుంది,
గుల్లలు, పీతలు, ఒంటరి చెప్పు ఒకటి.
తిరిగొచ్చేటప్పుడు మాత్రం వీధి గుమ్మంలోంచి రాదు.
పెరటి దారిన, పాయల్లోంచి,
నువ్వు ముందుకి చూస్తుండగా నీ వెనకనుంచి వస్తుంది.

పటంలో అదంతా ఒకటే రంగు, విరిగిపోయిన టీ రంగు.
దానిమీద చుక్కల గీత,
మిషను కుట్టులా తిన్నగా.
జనవరి తుఫానుకి పెద్ద పాయ
నిద్రలో దుప్పటి లాక్కుని ఒత్తిగిలినట్టు
మూడొందల అడుగులు తూర్పుకి జరిగి పడుకుంది.
నాకు తెలుసు, మొమ్మెకి తెలుసు,
గుర్తుకొమ్మలు పాతే కుర్రాళ్ళకి తెలుసు.
పటానికి కబురందలేదు.

మూడింటికి పొగమంచు దిగింది.
నాలుగింటికి ఫోన్ మోగింది.
"మేమెక్కడున్నామో మాకు స్పష్టంగా తెలుసు" అంది ఆవిడ.
"గీత మీదే ఉన్నాం.
కానీ గీత మీద నీళ్ళున్నాయి."
మోకాళ్ళ దాకానా, అన్నాను.
"ఇందాక మోకాళ్ళు."

మొమ్మె పడవ వేసుకుని చుట్టుతిరిగి బయల్దేరాడు,
నేను అడ్డదారిన, నడిచి.
ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి.
నా జేబులోనూ అదే పలక, నాలుగేళ్ళుగా.
ఇదే బురదమీద ఇరవై ఆరేళ్ళు నడిచినదాన్ని,
చుక్క చూపించిన వైపుకి నడిచాను.
చుక్కకీ నాకూ మధ్య పాయ ఉందని
నడుం తడిశాక తెలిసింది.

మా అమ్మ గోండెల్‌కి పాదమే కన్ను.
ఇసుక ముడత ఎటు వాలితే పాటు నీరు అటే పోయిందనేది.
బురద చల్లగా వేళ్ళ సందుల్లోకి పాకితే
పాయ పక్కనే పొంచి ఉందనేది.
కుడి చెవికి గాలి, ఎడమ చెవికి గుల్లపిట్టల గోల,
అంటే ఇంటి దారే.
నవ్వేదాన్ని.

వెనక్కి వచ్చి బూట్లు విప్పాను.
కాళ్ళు ఏమీ మాట్లాడలేదు.
ఏళ్ళ తరబడి పలకరించని చుట్టాల్లా
మొహం తిప్పుకున్నాయి.
ఎంతసేపు నించున్నానో,
చివరికి ఎడమ బొటనవేలు
ఒక ముడతని గుర్తుపట్టింది.
తర్వాత ఇంకోటి.
తర్వాత మడమ కింద గట్టి ఇసుక,
పాతకాలపు వంటింటి గడపలా.

వాళ్ళు ఛాతీ లోతులో ఉన్నారు.
ఆయన పలకని తలకి పైన ఎత్తి పట్టుకున్నాడు,
తడుస్తుందని.
పొగమంచులో ఆ చిన్న వెలుగే నాకు ఆనవాలైంది.
అన్యాయంగా ఎందుకు చెప్పాలి?
దారి చూపలేదు గానీ, కనబడింది.
మొమ్మె పడవ వచ్చే దాకా
ముగ్గురం ఒకే తాడుకి వేలాడాం.

కంబళిలో వణుకుతూ ఆయనన్నాడు:
"పటం అబద్ధం చెప్పింది."
లేదు, నిరుటి నిజం చెప్పింది.
అప్పుడు అనలేదు నేను, పళ్ళు టకటకలాడుతున్నాయి.

ఇప్పుడు పాటు వేళ పలకని ఇంట్లో పెట్టి
ఉత్త కాళ్ళతో వెళ్తున్నాను.
రెండుసార్లు తప్పిపోయాను.
మొమ్మె నవ్వుతున్నాడు.

నిన్న ఇంకొకడొచ్చాడు, తల వంచుకుని,
అరచేతిలో గీత చూసుకుంటూ.
అడక్కుండానే వెళ్ళి దారికి అడ్డం నించున్నాను.
మర్యాద తెలీని మనిషి అనుకున్నట్టున్నాడు.